సరిహద్దు నియమాలు కలిసి రాయండి: ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వ ప్రధాన కార్యదర్శులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఉభయ రాష్ట్రాల ప్రధాన కార్యదర్శులకు నమస్కారాలతో,

నేను రెండు రాష్ట్రాల సరిహద్దుకు ఐదారు మైళ్ల దూరంలో, ఆంధ్రప్రదేశ్ వైపు ఉన్న ఒక చిన్న ఊళ్లో ఉంటాను. ఆర్టీసీలో కండక్టరుగా చేరి కంట్రోలరుగా రిటైరయ్యాను. ఊరి పేరు ఇక్కడ రాయడం లేదు. రాస్తే ఈ లేఖ 2020లో మా చెక్‌పోస్టులో ఎండలో నిలబడి డ్యూటీ చేసిన నలుగురైదుగురు కానిస్టేబుళ్ల మీద ఫిర్యాదులా కనబడుతుంది. వాళ్ల మీద నాకు ఫిర్యాదు లేదు. వాళ్ల చేతికి వచ్చిన ఉత్తర్వును అవతలి రాష్ట్రాన్ని ఒక్క మాటైనా అడగకుండా తయారు చేశారే, దాని గురించే మీ ఇద్దరికీ కలిపి ఈ లేఖ రాస్తున్నాను.

ఇప్పుడెందుకు అని మీరు అడగవచ్చు. కోవిడ్ ప్రపంచ ఆరోగ్య అత్యవసర పరిస్థితి ఇక లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే 5న ప్రకటించింది. చెక్‌పోస్టు రేకుల షెడ్లు ఎప్పుడో పీకేశారు. నిజానికి అందుకే ఇప్పుడు రాస్తున్నాను. ఇలాంటి నియమాలు జబ్బు లేని రోజుల్లో తీరిగ్గా కూర్చుని రాసుకోవాలి. జబ్బు వచ్చిన రాత్రి రాస్తే ఎలా ఉంటుందో 2020 మార్చి 25న హైదరాబాదు-విజయవాడ రహదారి మీద, సరిహద్దుకు ఇవతల ఉన్న గరికపాడు చెక్‌పోస్టు దగ్గర అందరం చూశాం.

ఆ రోజు శార్వరి నామ సంవత్సర ఉగాది. దేశమంతా లాక్‌డౌన్ మొదలై ఇరవై నాలుగు గంటలు కూడా కాలేదు. హైదరాబాదులో హాస్టళ్లు ఖాళీ చేయమంటున్నారని పిల్లలు పోలీసు స్టేషన్ల ముందు వరుసల్లో నిలబడితే, ఇళ్లకు వెళ్లేందుకు పోలీసులు వాళ్లకు పాసులిచ్చారు. ఆ కాగితాలు పట్టుకుని మోటారు సైకిళ్ల మీదా, అద్దె కార్లలోనూ వందల మంది సరిహద్దుకు చేరుకుంటే, ఇవతలి వైపు పోలీసులకు ఆ పాసు సంగతే తెలియదు. ఒక ప్రభుత్వం వెళ్లమని రాసిచ్చిన కాగితం కొన్ని గంటల ప్రయాణం తర్వాత మరో ప్రభుత్వం ముందు చెల్లలేదు. పధ్నాలుగు రోజులు క్వారంటైన్‌లో ఉండటానికి ఒప్పుకున్నవారే లోపలికి రావచ్చునని, లేదంటే వెనక్కి పోవాలని చెప్పారు. వెనక్కి పోతే అక్కడ హాస్టలుకు తాళం వేసి ఉంది. ముఖ్యమంత్రులు మాట్లాడుకున్నారు, హాస్టళ్లు మూయవద్దని అటువైపు ఆదేశాలు వెళ్లాయి, నిరభ్యంతర పత్రం ఉన్నవారిని వైద్య పరీక్ష చేసి అనుమతించాలని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు చెప్పవలసి వచ్చింది. అప్పటికే ఒక రాత్రి రోడ్డు మీద గడిచిపోయింది.

ఇందులో ఆంధ్రప్రదేశ్ భయం అబద్ధమని నేను అనను. అప్పటికి పరీక్షలు చేసే ల్యాబులు వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే ఉన్నాయి. వైరస్ ఒంట్లో చేరిన తర్వాత లక్షణాలు బయటపడటానికి పధ్నాలుగు రోజుల దాకా పట్టవచ్చు కాబట్టే ఆ లెక్క పెట్టారు. పెద్ద నగరం నుంచి పల్లెలకు ఒక్కసారిగా జనం వస్తే ఏం జరుగుతుందో ఎవరికీ తెలియని రోజులవి. పిల్లల్ని ఇళ్లకు పంపిద్దామనుకున్న తెలంగాణ పోలీసులదీ తప్పని అనలేను. రెండు నిర్ణయాలూ విడివిడిగా చూస్తే సబబుగానే ఉన్నాయి. ఆ రెండూ ఎదురుపడిన చోట మాత్రం పందొమ్మిదేళ్ల ఆడపిల్లలు మంచినీళ్లు లేక, మరుగుదొడ్డి లేక నిలబడ్డారు.

ఆ తర్వాత నా వంతు వచ్చింది. 2020 జూన్‌లో సరిహద్దుకు అవతల, మా ఊరికి పద్దెనిమిది కిలోమీటర్ల దూరంలో ఉన్న మా అక్కయ్యగారి ఊళ్లో మా బావగారు గుండెపోటుతో పోయారు. కబురు తెల్లవారుజామున వచ్చింది. అప్పటికి తెలంగాణ జూన్ 1 నుంచి రాష్ట్రంలోకి వచ్చేవారికి పాసు అక్కరలేదని చెప్పేసింది కాబట్టి వెళ్లేటప్పుడు నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. అంత్యక్రియలు ముగించుకుని సాయంత్రం తిరిగి వస్తుంటే, నేను పుట్టి పెరిగిన మండలంలోకి అడుగుపెట్టడానికి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ వెబ్‌సైటు అయిన స్పందన పోర్టల్‌లో పాసు తీసుకోవాలన్నారు. చెట్టు కింద నిలబడి మా అబ్బాయి చేత ఫోనులో దరఖాస్తు పెట్టించాను. కారణం దగ్గర ‘మరణం’ అని పెడితే రుజువు జత చేయమంది. పొద్దున పోయిన మనిషికి సాయంత్రానికి మరణ ధ్రువీకరణ పత్రం ఎక్కడి నుంచి తేవాలి? అక్కడి పంచాయతీ కార్యదర్శి తెల్లకాగితం మీద రాసిచ్చిన ఉత్తరం ఫొటో తీసి పెడితే, మరుసటి రోజు మధ్యాహ్నానికి పాసు వచ్చింది. ఆ రాత్రి చావింట్లోనే పడుకున్నాను. మామూలుగా అలా పడుకోకూడదంటారు. ఆ ఏడాది ఎవరూ పట్టించుకోలేదు.

ఇంటికి వచ్చాక స్వాబ్ తీశారు, తలుపు మీద స్టిక్కరు అతికించారు, పధ్నాలుగు రోజులు గడప దాటవద్దన్నారు. ఆశా కార్యకర్త, వాలంటీరు రోజూ వచ్చి వాకిట్లో నిలబడి జ్వరముందా, దగ్గుందా అని అడిగి రాసుకుని వెళ్లేవారు. ఆ పిల్లలు చేసిన సేవకు నేను ఈనాటికీ చేతులెత్తి మొక్కుతాను. పరీక్షలో జబ్బు లేదని నాలుగో రోజునే తేలింది. అయినా పధ్నాలుగు పధ్నాలుగే. మా బావగారి పెద్దకర్మ పదకొండో రోజున. మగపిల్లలు లేని ఇల్లు అది. తోబుట్టువుగా నేను నిలబడవలసిన చోట మా మేనకోడలి భర్త నిలబడ్డాడు. ఒక నియమం పదకొండో రోజును చూడకుండా పధ్నాలుగు రోజులని రాసినప్పుడు, రాసినవారికి మన ఇళ్లలో చావు తర్వాత ఏం జరుగుతుందో తెలియదని అనుకోలేను. వాళ్లకూ అక్కచెల్లెళ్లు ఉంటారు. ఆ పూట ఆ ఆలోచన వాళ్ల బల్ల మీదికి రాలేదు, అంతే.

మా ప్రాంతంలో ఇది నా ఒక్కడి కథ కాదు. అవతలి ఊళ్లో ఇల్లు, ఇవతల పొలం ఉన్న రైతులు ఉన్నారు. పాల వ్యాను సరుకు కాబట్టి ఆగకుండా దాటిపోయేది. ఆ పాలు పితకడానికి పొద్దున్నే రావలసిన మనిషి సరుకు కాడు కాబట్టి ఆగిపోయాడు. గోదావరి వైపు పోతే భద్రాచలం పట్టణం తెలంగాణలో ఉంటుంది, దాన్ని ఆనుకుని ఉన్న ఎటపాక ఆంధ్రప్రదేశ్‌లో ఉంటుంది. భద్రాచలం నుంచి దుమ్ముగూడెం, చర్ల వెళ్లాలంటే ఎటపాక మీదుగానే వెళ్లాలి. అంటే ఒకే రాష్ట్రంలోని రెండు ఊళ్ల మధ్య ప్రయాణించేవాడు మధ్యలో మరో రాష్ట్రం తొక్కుతాడు. 2014లో ఆ గీత గీసినవారు పోలవరం ముంపు మండలాలను లెక్కలోకి తీసుకున్నారు కాని మహమ్మారిని తీసుకోలేదు. తీసుకోవాలని అప్పట్లో ఎవరూ అనుకుని ఉండరు కూడా.

ఇంతకూ ఈ విషయంలో అధికారం ఎవరిది అన్న ప్రశ్నకు రాజ్యాంగంలోనే జవాబుంది. ప్రజారోగ్యం రాష్ట్ర జాబితాలో 6వ అంశం, నిజమే. కాని అంతర్రాష్ట్ర వలసలు, అంతర్రాష్ట్ర క్వారంటైన్ కేంద్ర జాబితాలోని 81వ అంశం. ఒక రాష్ట్రం నుంచి మరో రాష్ట్రానికి అంటువ్యాధులు పాకకుండా చూడటం ఉమ్మడి జాబితాలోని 29వ అంశం. 1950లోనే ఈ మూడింటినీ విడదీసి పెట్టారంటే, సరిహద్దు దగ్గర జబ్బును ఆపే పని ఒక్క రాష్ట్రం చేతిలో ఉండదగినది కాదని రాజ్యాంగం రాసినవాళ్లకు తెలుసన్న మాట. మనం మాత్రం 1897 నాటి అంటువ్యాధుల చట్టం పట్టుకుని ఎవరి ఉత్తర్వు వారు ఇచ్చుకున్నాం. కేంద్ర హోం శాఖ 2020 మే 30 ఉత్తర్వులో అంతర్రాష్ట్ర ప్రయాణానికి పాసు అవసరం లేదంటూనే, ప్రజారోగ్య కారణాలతో నియంత్రించాలనుకుంటే రాష్ట్రాలు ముందుగా విస్తృత ప్రచారం ఇవ్వాలన్నది. చాలా రాష్ట్రాలు నియంత్రణను తీసుకున్నాయి, ముందస్తు ప్రచారాన్ని వదిలేశాయి. ఆగస్టు 22న హోం శాఖ కార్యదర్శి, ఇలా ఆపడం మార్గదర్శకాల ఉల్లంఘనే అవుతుందని మళ్లీ లేఖ రాయవలసి వచ్చింది.

ఆర్టీసీ మనిషిని కాబట్టి ఒక మాట చెప్పకుండా ఉండలేను. పాసుల గొడవ సద్దుమణిగిన తర్వాత కూడా రెండు రాష్ట్రాల మధ్య బస్సులు 2020 నవంబరు 2 దాకా నడవలేదు. దానికి కారణం వైరస్ కాదు, కిలోమీటర్ల లెక్క. ఎవరి బస్సులు ఎవరి నేల మీద ఎన్ని కిలోమీటర్లు తిరగాలన్న దాని మీద రెండు సంస్థలూ కూర్చుని, లేచి, మళ్లీ కూర్చుని, చివరికి ఒక్కొక్కరు దాదాపు 1.61 లక్షల కిలోమీటర్ల చొప్పున ఒప్పందం చేసుకున్నాయి. ఈ లోపల దసరా వచ్చింది. పండగకు ఇవతలి బస్సులు సరిహద్దు దాకా వచ్చి ఆగితే, జనం సంచులు నెత్తిన పెట్టుకుని, పిల్లల్ని చంకనెత్తుకుని చెక్‌పోస్టు నడిచి దాటి అవతలి బస్సు ఎక్కారు. మనిషి మనిషికీ దూరం పాటించమన్న రోజుల్లో అంతమందిని ఒకే చోట దించి, ఒకే దారిన నడిపించి, మళ్లీ ఎక్కించాం. జబ్బును ఆపడానికి అంతకన్నా తలకిందుల పద్ధతి నా సర్వీసులో చూడలేదు.

ఇంతకన్నా బరువైన సంగతి 2021 మే నెలది. రెండో అల ముమ్మరంగా ఉన్న రోజుల్లో ఆంధ్రప్రదేశ్ నుంచి హైదరాబాదు ఆసుపత్రులకు వెళ్తున్న అంబులెన్సులను కర్నూలు వైపు పుల్లూరు దగ్గర, కోదాడ వైపు రామాపురం దగ్గర తెలంగాణ పోలీసులు ఆపారు. ఆసుపత్రిలో పడక ఖాయమైందని రుజువు, ముందుగా కంట్రోల్ రూము అనుమతి ఉంటేనే రావాలని ఉత్తర్వు ఇచ్చారు. ఆక్సిజన్ సిలిండరులో ఎన్ని నిమిషాలు మిగిలాయో లెక్కపెట్టుకుంటూ కూర్చున్న కుటుంబాన్ని ఫోను చేసి అనుమతి తీసుకోమన్నారు. సరిహద్దు దగ్గరే ప్రాణాలు పోయాయన్న వార్తలు వచ్చాయి. మే 14న తెలంగాణ హైకోర్టు ఆ ఉత్తర్వును నిలిపివేసింది. తమ పడకలు పొరుగువారితో నిండిపోతున్నాయన్న తెలంగాణ అధికారుల ఆందోళనలో నిజం లేకపోలేదు. కాని ఒక సంగతి మరచిపోయారు. 2014లో రాష్ట్రాన్ని విభజించిన ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ చట్టం 5వ సెక్షను ప్రకారం ఆ రోజుకు హైదరాబాదు రెండు రాష్ట్రాలకూ ఉమ్మడి రాజధాని. 2024 జూన్ 2న గాని ఆ పదేళ్ల గడువు తీరలేదు. తన ఉమ్మడి రాజధానిలోని ఆసుపత్రికి వెళ్లడానికి రోగి అనుమతి పత్రం చూపవలసి వచ్చింది.

ఉమ్మడి రాజధాని గడువు తీరిపోయింది కాబట్టి ఇక ఆ ప్రశ్న లేదని ఎవరైనా అంటారేమో. అలా అనేవారిని ఒకసారి కర్నూలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి ఓపీ వరుస చూసి రమ్మంటాను. తుంగభద్ర అవతలి అలంపూర్ నుంచీ, గద్వాల నుంచీ వచ్చేవారికి పెద్దాసుపత్రి అంటే కర్నూలే. ఏ వైపు వాళ్లు రేపు గేటు మూసినా, తమ వాళ్లు కూడా అవతలి గేటు ముందు నిలబడతారు.

కలిసి చేయడం చేతకాక జరిగింది కాదిది. 2020 మే 1న దేశంలోనే మొట్టమొదటి శ్రామిక్ రైలు మన లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హటియాకు, సుమారు 1,200 మంది కూలీలతో బయలుదేరింది. తెలంగాణ, జార్ఖండ్, రైల్వే మాట్లాడుకుని ఇక్కడ పరీక్షలు ఎవరు చేయాలో, అక్కడ దిగాక ఎవరు తీసుకెళ్లాలో ముందే తేల్చుకున్నారు. అంతకు ముందే ఏప్రిల్ చివరిలో, గుజరాత్‌లోని వెరావల్ రేవులో చిక్కుకుపోయిన శ్రీకాకుళం, విజయనగరం మత్స్యకారులు వేలమందిని ఆంధ్రప్రదేశ్ బస్సుల్లో తెప్పించుకుంది. ఆ బస్సులు ఎన్ని రాష్ట్రాలు దాటాయో చూడండి. ఎక్కడో ఉన్న జార్ఖండ్‌తో, గుజరాత్‌తో కుదిరిన మాట పక్కింటివాళ్లతో కుదరలేదు. పక్కింటివాళ్లతో కృష్ణా నీళ్ల దగ్గర నుంచి కరెంటు బకాయిల దాకా వేరే తగాదాలున్నాయని నాకు తెలుసు. వాటన్నిటి కోపం చెక్‌పోస్టు దగ్గర దిగిందని నా అనుమానం.

పక్క రాష్ట్రాలకూ ఒక మార్గం దొరికిన సందర్భం ఉంది. కేరళలోని కాసరగోడు రోగులకు కర్ణాటకలోని మంగళూరే పెద్దాసుపత్రి. 2020 మార్చిలో కర్ణాటక తలపాడి దగ్గర దారి మూసినప్పుడు కేరళ హైకోర్టు, ఆ తర్వాత సుప్రీంకోర్టు దాకా వ్యవహారం వెళ్లింది. కేంద్ర ఆరోగ్య కార్యదర్శి, రెండు రాష్ట్రాల ప్రధాన కార్యదర్శులు కూర్చుని ఏ రోగులను ఎలా దాటించాలో రాసుకున్నారని ఏప్రిల్ 7న కోర్టుకు చెప్పారు, కేసు ముగిసింది. కోర్టు చెప్పాక వారం లోపల రాయగలిగిన కాగితాన్ని కోర్టు చెప్పకముందే రాయడానికి అడ్డేముంది? దక్షిణాది రాష్ట్రాలు కలిసి కూర్చుని మాట్లాడుకోవడానికి 1956 నాటి రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ చట్టం కింద ఏర్పడిన దక్షిణ మండల మండలిలో మీ ఇద్దరి రాష్ట్రాలూ ఉన్నాయి. అక్కడ ఎజెండాలో ఒక వరుస చేర్చడం మీ చేతిలో పని.

ఆ కాగితంలో నేను కోరేవి గొప్ప సంగతులు కావు. అంబులెన్సును ఎవరూ, ఏ కారణం చేతా ఆపకూడదు. నంబరు, టైము రాసుకోవాలంటే అది కదులుతుండగానే రాసుకోవచ్చు, టోల్ గేటులో కెమెరా ఆ పని ఇప్పటికే చేస్తోంది. ఒక రాష్ట్రం ఇచ్చిన పాసు రెండో రాష్ట్రంలో చెల్లాలి, లేదా దరఖాస్తు ఒకే చోట పెట్టే ఏర్పాటు ఉండాలి. కొత్త ఉత్తర్వు అర్ధరాత్రి ఇచ్చి అప్పుడే అమల్లోకి తేకూడదు. పాత నియమం నమ్మి బయలుదేరినవాడిని దారి మధ్యలో కొత్త నియమం పట్టుకోకూడదు. ఆర్టీసీలో టైం టేబుల్ మార్చితే కూడా ముందుగా బోర్డు పెట్టేవాళ్లం. ఆ బోర్డు చెక్‌పోస్టు దగ్గర కాదు, జనం ఇంకా వెనక్కి తిరగగలిగిన చోట, అంటే ఎక్కడో ముందటి పట్టణం బస్టాండులో ఉండాలి.

సరిహద్దుకు ఇటూ అటూ పదిహేను, ఇరవై కిలోమీటర్ల లోపల ఉండేవారిని ఒకే ప్రాంతంగా చూడాలి. వాళ్ల ఆధార్ కార్డులోని ఊరి పేరే పాసుగా సరిపోవాలి. పొద్దున వెళ్లి సాయంత్రం వచ్చే మనిషి వల్ల అవతలి ఊరికి జబ్బు రాదని నేను అనను, వస్తుంది. కాని ఆ ఊరి నుంచి మండల కేంద్రానికి వెళ్లివచ్చేవాడి వల్ల ఎంత వస్తుందో అంతే వస్తుంది. మధ్యలో ఉన్న గీత వైరస్‌కు కనబడదు. కంటైన్‌మెంట్ జోను పెట్టవలసి వస్తే ఊరిని బట్టి పెట్టాలి గాని రాష్ట్రాన్ని బట్టి కాదు.

చావుకు వెళ్లి వచ్చేవారి విషయం విడిగా రాయాలి. పోయిన రోజు ధ్రువీకరణ పత్రం అడగకూడదు. పంచాయతీ కార్యదర్శి ఫోను మాట చాలాలి. పరీక్షలో జబ్బు లేదని తేలినవారిని పెద్దకర్మకు ఒక పూట వెళ్లి రానివ్వాలి, మాస్కు పెట్టుకుని, పదిమందిని మించకుండా, మీరు ఏ షరతు పెట్టినా సరే.

క్వారంటైన్ కేంద్రాల గురించి కొద్దిగా. ఆడవారికి విడిగా మరుగుదొడ్లు, పసిపిల్లలకు పాలు, షుగరు, బీపీ ఉన్నవారికి మందులు, పరీక్ష ఫలితం ఎన్ని గంటల్లో ఇస్తారో గోడ మీద రాసి ఉండటం. ఖర్చు ఎవరు భరిస్తారో మనిషి లోపలికి అడుగుపెట్టకముందే చెప్పాలి.

ముసాయిదా తయారైన తర్వాత దాన్ని రెండు సచివాలయాల్లోనే ఉంచకుండా, ఒక రోజు సరిహద్దు ఊళ్లలో ఎక్కడైనా, సంత జరిగే నాడు, రెండు వైపుల కలెక్టర్లు వచ్చి చదివి వినిపించాలని నా మనవి. సంతకు అటువాళ్లూ ఇటువాళ్లూ వస్తారు కాబట్టి విడివిడిగా పిలవనక్కరలేదు. పాల వ్యాను డ్రైవరు, ఆశా కార్యకర్త, పంచాయతీ కార్యదర్శి, ఆనాడు చెక్‌పోస్టులో డ్యూటీ చేసిన కానిస్టేబులు, వీళ్లను ముందు వరుసలో కూర్చోబెట్టి తప్పులు చెప్పమనండి. నన్ను పిలిస్తే నేనూ వస్తాను. ఆనాటి స్పందన పాసు, దానికి జత చేసిన తెల్లకాగితం ఉత్తరం నా దగ్గర భద్రంగా ఉన్నాయి, ఆ రోజు రెండూ పట్టుకొస్తాను.

ఇట్లు,
సరిహద్దు ప్రాంత నివాసి,
రిటైర్డ్ ఆర్టీసీ కంట్రోలరు